మెరక మీద విస్తరి

చెప్పులు విప్పి చేత్తో పట్టుకోమని మా అమ్మాయి చెప్పడం మంచిదైంది, పొద్దు బారెడెక్కినా ఇసుక ఇంకా చల్లగానే ఉంది, అరికాళ్ళ కింద మెత్తగా నలుగుతోంది, రోజంతా మగ్గం తొక్కే కాళ్ళకి ఇంతకంటే సుఖం ఏముంటుంది, బస్సులో కిటికీ పక్కన సీటు దొరకడం కూడా మంచిదే అయింది, బండారులంక నుంచి ఇక్కడిదాకా నిలబడి వస్తే ఈ నడక నడవగలిగేవాణ్ణి కాదు, ఇలా ప్రతి చిన్నదానికీ మంచిదైంది, మంచిదైంది అనుకోవడం నాకు పదేళ్ళ నుంచి అలవాటు, టీలో అల్లం పడినా అనుకుంటాను, వాన వెలిసినా అనుకుంటాను, మీకు పెద్దతనం ముందే వచ్చేసిందండీ అని మా ఆవిడ సూర్యకుమారి నవ్వుతుంది, ఆవిడకి అసలు సంగతి తెలియదు, తుపానులో చిక్కుకుని బతికొచ్చాడు అన్నంతవరకే మా ఇంట్లో తెలుసు, ఆ చిక్కుకున్నది ఈ పేటలోనే అని, అదిగో దూరంగా మెరక మీద కనిపిస్తున్న ఆ తాడిచెట్ల కిందే అని, పక్కన నడుస్తున్న మా దుర్గాభవానికి కూడా తెలియదు.

దుర్గాభవాని అమలాపురంలో డిగ్రీ చదువుతోంది, వాళ్ళకి చరిత్ర చెప్పే శ్రీరామచంద్రమూర్తి మాస్టారు, సునామీ వచ్చింది మొదలు సముద్రం అంటే జనం హడలిపోతున్నారని, పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ కలిపి ఒడ్డుకి తీసుకొస్తున్నారు, రెండువేల ఏళ్ళ కిందట ఇదే ఒడ్డున మనుషులు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో, నీళ్ళు ఎక్కడ తోడుకున్నారో నడుస్తూ చూపిస్తారట, మీరూ రండి నాన్నా అని అమ్మాయి నా వెంటపడింది, ఎక్కడికే అంటే అంతర్వేదికి ఇవతల మెరక మీద ఒక పేట ఉంది కదా అక్కడికి అంది, ఆ మాట వినగానే మగ్గం మీద నూలు నేస్తున్న చేతిలో నాడె ఆగిపోయింది, రానని చెబుదామనే నోరు తెరిచాను, వస్తానులే అని వచ్చింది మాట, ఎందుకలా వచ్చిందో నాకే తెలియదు, ఇప్పుడు నడుస్తుంటే తెలుస్తోంది, పదేళ్ళుగా ఒక ప్రశ్న నా గుండెలో కూర్చుని ఉంది, దానికి జవాబు ఈ పేటలో తప్ప ఇంకెక్కడా లేదు, జవాబు వినడానికి ఒంటరిగా వచ్చే ధైర్యం నాకు లేదు, ఇంతమంది మధ్య, చేతికందే దూరంలో కూతుర్ని పెట్టుకుని అయితే వినగలనేమో.

మాస్టారు వంగి గవ్వలాంటిదేదో తీశారు, గవ్వ కాదు, ఆల్చిప్ప, ఒకటి కాదు, కాలితో ఇసుక పక్కకి తోస్తే గుట్టగా ఉన్నాయి, ఇవి సముద్రం తెచ్చి పోసినవి కాదమ్మా, సముద్రం తెస్తే చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, ఇవన్నీ చూడండి, తినడానికి పనికొచ్చే సైజువే, తెరిచి తిని పారేసినవి, ఇది వాళ్ళ వంటింటి పెరడు అన్నారు, పిల్లలు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది, రాజుల కోటలు చూపిస్తారేమో అనుకున్నాను, ఎవరో తిని పారేసిన చిప్పలు చూపిస్తున్నారు, చిత్రంగా అదే బాగుంది, ఎవరో ఆకలేసి తిన్నారు, ఎవరో తీసి పెట్టారు, అంతే కదా, ఆ తుపాను సాయంత్రం కూడా ఈ పేటలో ఒకావిడ నాకు ముందు తిండే పెట్టింది, గాలి ఇల్లు పీకుతుంటే కూడా.

పదేళ్ళ కిందట కార్తీకమాసం, చీరల మూట సైకిలుకి కట్టుకుని రాజోలు నుంచి ఇటు దిగాను, ఈ పేటల్లో ఆడవాళ్ళు మా బండారులంక నూలు చీరలు ఇష్టపడతారు, పొద్దున్నుంచీ గాలి విసురుగానే ఉంది, అయినా రెండు పేటలు తిరిగి ఇక్కడికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, అప్పటికే కొబ్బరిచెట్లు ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి, తిరిగి వెళ్ళిపోదామని సైకిలు రోడ్డు వైపు తిప్పాను, అప్పుడు ఒక ఇంటి అరుగు మీంచి ఆవిడ పిలిచింది, అన్నగారండీ, అటెళ్ళకండి, రోడ్డు పల్లం, నీళ్ళొస్తే ముందు మునిగేది రోడ్డేనండి, ఇలా పైకి వచ్చేయండి అంది, నేను ఎవరినో ఆవిడకి తెలియదు, ఆవిడెవరో నాకు తెలియదు, ఆ ఒక్క పిలుపు లేకపోతే నేను రోడ్డెక్కేవాణ్ణి, ఆ రోడ్డు మీద వెళ్ళినవాళ్ళు ఎవరూ మిగల్లేదని తర్వాత ఆసుపత్రిలో విన్నాను, అరుగెక్కగానే ఆవిడ గంజిలో ఉప్పేసి చేపముక్క పక్కన పెట్టి ఇచ్చింది, భర్త బోటు మీద కాకినాడ వైపు వెళ్ళాడట, ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల, ఆ పిల్లకి ఏడేళ్ళుంటాయేమో, మూటలో ఏ రంగు చీరలున్నాయో చూపించమని నా చుట్టూ తిరిగింది.

నాన్నా ఏమిటి అలా ఉన్నారు, మంచినీళ్ళు తాగుతారా అంటోంది దుర్గాభవాని, ఏం లేదమ్మా, నడవలేదు కదా ఈ మధ్య అన్నాను, నా చెప్పులు తన చేతిలోకి తీసుకుంది, మంచిపిల్ల, నేను పనికోసం మస్కట్‌లో ఉన్న నాలుగేళ్ళూ వాళ్ళమ్మకి చేదోడుగా నూలు కండెలు చుట్టుకుంటూ చదువుకుంది, నాకు దక్కిన పిల్ల, ఈ మాట అనుకున్నప్పుడల్లా ఆవిడ పిల్లలు గుర్తొచ్చి అక్కడే ఆగిపోతాను.

మెరక పక్కకి వచ్చాం, ఎవరో రొయ్యల చెరువు కోసం పొక్లెయిన్ పెట్టి మెరక అంచుని నిలువునా కోసి మధ్యలో వదిలేశారు, ఆ కోసిన గోడ మా ఎత్తున నిలబడి ఉంది, చారలు చారలుగా ఉంది, నల్లచార, తెల్లచార, మళ్ళీ నల్లచార, దూరం నుంచి చూస్తే ఆరబెట్టిన చీరే అనుకుంటారు, మాస్టారు వేలితో కింద నుంచి పైకి చూపించుకుంటూ వెళ్ళారు, ఈ నల్లది బూడిద, పొయ్యి బూడిద, ఇందులో చేపముళ్ళు కనిపిస్తాయి చూడండి, దాని మీద ఈ తెల్లది ఉట్టి ఇసుక, ఇది ఉప్పెన తెచ్చి పోసింది, ఇల్లూ పొయ్యీ అన్నీ కప్పేసింది, దాని మీద మళ్ళీ నల్లది, అంటే ఏమిటర్థం అని అడిగారు, మళ్ళీ వచ్చేరండి అంది మా అమ్మాయి, ఆయ్, మళ్ళీ వచ్చేరమ్మా, వచ్చి అదే చోట పొయ్యి వెలిగించేరు, ఈ చుట్టుపక్కల ఇంతకంటే ఎత్తైన చోటు లేదని వాళ్ళకి తెలుసు, పెద్ద ఉప్పెన ఏ రెండు మూడు తరాలకో దీన్ని కూడా ముంచుతుంది, మిగతావాటి నుంచి కాపాడుతుంది, సముద్రం నుంచి పారిపోలేదు, ఎక్కడ నిలబడాలో నేర్చుకున్నారు అన్నారాయన, నేను ఆ గోడ మీద చెయ్యి పెట్టాను, బూడిద వేలికి అంటింది, ఎప్పటిదో, ఏ తల్లి ఊదిన పొయ్యిదో, ఒక్క క్షణం నాకు భయం తగ్గింది.

మాస్టారు సంచిలోంచి పొట్లం తీసి విప్పారు, ఇదివరకు ఈ మెరక మీదే దొరికినవట, కాల్చిన మట్టి గుళ్ళు, మధ్యలో చిల్లులు, వల మునగడానికి కట్టేవి, ఇప్పుడు సీసం కడుతున్నారు, అప్పుడు మట్టి కట్టేరు అన్నారు, తర్వాత రూపాయి కంటే కాస్త పెద్ద బిళ్ళ, దానికీ చిల్లే, ఇది కదురుకి తొడిగే బిళ్ళ, నూలు వడికేటప్పుడు కదురు బరువుగా తిరగడానికి, మీ నాన్నగారు నేతపని వారు కదమ్మా, ఆయన చేతికివ్వు అని దుర్గాభవానికి ఇస్తే అది తెచ్చి నా అరచేతిలో పెట్టింది, చల్లగా ఉంది, అంచు ఒక పక్క అరిగి ఉంది, ఇది తిప్పినది ఏ ఆడమనిషో, ఇక్కడే కూర్చుని సముద్రం వైపు చూస్తూ తిప్పి ఉంటుంది, పక్కింట్లో వల అల్లుతూ ఉండి ఉంటారు, అంటే చేపల వాళ్ళూ నూలు వాళ్ళూ ఒకే మెరక మీద ఉన్నారు, ఒకే నీళ్ళొస్తే ఒకే పక్కకి పరిగెత్తి ఉంటారు, మేం పరిగెత్తినట్టు.

చీకటి పడబోతుండగా వచ్చింది ఉప్పెన, చప్పుడు ముందొచ్చింది, రైలు వంతెన మీద వెళ్తున్న చప్పుడు, ఆవిడ గడప దగ్గర నిలబడి సముద్రం వైపు చూసి, అన్నగారండీ మూట విప్పండి అంది, నాకు అర్థం కాలేదు, చీరలండి, పొడుగ్గా ఉంటాయి కదండి, పిల్లల్ని చెట్లకి కట్టేద్దాం, కొబ్బరి ఆగదు, తాడి ఆగుద్ది అంది, ఒకటే మాటకి విప్పేశాను, కొత్త చీరలు, మడత కూడా విప్పనివి, పసుపుది, ముదురాకుపచ్చది, నా చేత్తో నేసిన వంగపండు రంగుది, మగపిల్లలిద్దర్నీ ఆవిడ కట్టింది, చిన్నదాన్ని నేను ఎత్తుకున్నాను, నా మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు, ఊడదీసి చెట్టుకి ఆనించి వంగపండు చీర చుట్టి బిగించాను, తడిసిన నూలు సడలదమ్మా, భయపడకు అని దానికి చెప్పాను, నిజానికి నాకు నేనే చెప్పుకున్నాను, అప్పటికే నీళ్ళు మోకాళ్ళ దాకా, తర్వాత నడుముకి, తర్వాత ఛాతీకి, ఏదో పెద్ద దుంగ వచ్చి నా తలకి తగిలింది, చెట్టు చేతుల్లోంచి జారిపోయింది, ఆఖరుసారి చూసినప్పుడు నీళ్ళు ఆ పిల్ల గడ్డం దాకా ఉన్నాయి.

అంతే నాకు తెలిసింది, మర్నాడు ఎక్కడో కాలవ గట్టున మడచెట్ల మధ్య ఉంటే ఎవరో ట్రాక్టరులో వేసి రాజోలు తీసుకెళ్ళారట, చాలా రోజులు జ్వరం, తలకి కుట్లు, ఇంటికొచ్చేసరికి మగ్గం గుంట నిండా బురద, ఆ తర్వాత మస్కట్ వెళ్ళిపోవడం, వచ్చాక కూడా ఇటు రాలేదు, రాజోలు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన సందర్భాలున్నాయి, వెళ్ళి అడిగితే లేరంటే, నేను కట్టినదే ఊడిపోయిందంటే, లేదా నేను కట్టబట్టే తప్పించుకోలేకపోయిందంటే, అడగనంతకాలం ఆ పిల్ల అక్కడ చెట్టుకి బతికే ఉంది, గడ్డం దాకా నీళ్ళలో, ఎక్కడానికీ దిగడానికీ లేకుండా, నాతోపాటు పదేళ్ళుగా అలాగే ఉంది.

మాస్టారు మెరక ఎక్కుతున్నారు, వెనకాలే అందరం, కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన నుయ్యి చూపించారు, పై ఒరలు పగిలిపోయి మూడో నాలుగో మిగిలాయి, లోపల ఇసుక పూడిపోయింది, చుట్టూ ఉప్పునీళ్ళున్నా మెరక కడుపులో వాననీళ్ళు తియ్యగా నిలబడతాయి, వాళ్ళు దాన్ని కనిపెట్టేరు, ఇప్పటికీ ఇక్కడ అలాగే తోడుకుంటున్నారు, పక్కింటి వాళ్ళు మనకి మంచినీళ్ళిస్తామన్నారు రండి అన్నారు, పక్కిల్లు అంటే అదే ఇల్లు, అప్పుడు తాటాకు, ఇప్పుడు డాబా, కానీ తాడిచెట్లు అవే, నా కాళ్ళు ఆగిపోయాయి, నాన్నా అంది దుర్గాభవాని, నువ్వు వెళ్ళమ్మా నేను వస్తాను అన్నాను, అది వెళ్ళలేదు, నా చెయ్యి పట్టుకుంది.

ఒక పొడుగాటి పిల్ల బిందె చంకన పెట్టుకుని వచ్చి అందరికీ గ్లాసులతో నీళ్ళు పోస్తోంది, రెండు జడలు, చెవులకి చిన్న రింగులు, ఎవరో పక్కింటి పిల్ల అనుకున్నాను, నాకూ ఇచ్చింది, తాగాను, తియ్యగా ఉన్నాయి, ఇంతలో ఇంట్లోంచి గొంతు, భూలక్ష్మీ, మాస్టారికి కుర్చీ వెయ్యవే అని, ఆ గొంతు నాకు తెలుసు, అటెళ్ళకండి అన్న గొంతు, మూట విప్పండి అన్న గొంతు, ఆవిడ గుమ్మంలోకి వచ్చింది, జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది, నా వైపు చూసి చూపు దాటించింది, మళ్ళీ తిప్పింది, నేను చీరలమ్మా అన్నాను, నోటికొచ్చింది అదే, కార్తీకమాసంలో చీరలు తెచ్చినవాణ్ణమ్మా అన్నాను, ఆవిడ గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుండిపోయింది.

మీరు పోయేరనుకున్నామండీ అంది, అన్నగారండీ మీరు పోయేరనే అనుకున్నామండి, సైకిలు దొరికింది, మనిషి దొరకలేదు, ఆనవాలు తెలియని శవాలన్నీ కలిపి కాల్చేసేరు కదండి, అందులో ఉన్నారనుకున్నామండి అని ఏడుస్తోంది, నేను అడగవలసింది అడగలేకపోతున్నాను, పిల్లలమ్మా అన్నాను, అంతే వచ్చింది, ముగ్గురూ ఉన్నారండీ, పెద్దాడు బోటు మీద, రెండోవాడు తాటిపాకలో వెల్డింగు పని చేస్తాడు, మీరు కట్టిన పిల్ల ఇదేనండి, మీకు నీళ్ళిచ్చిందే, తెల్లారేదాకా మీ చీరలోనే ఉందండి, ఊడదియ్యడానికి కత్తి పెట్టి కొయ్యాల్సొచ్చింది అంది, నేను భూలక్ష్మి వైపు చూశాను, బిందె దించి నిలబడి నన్ను చూస్తోంది, గడ్డం కింద నీళ్ళు లేవు, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం, చీరల మావయ్యగారా అంది తల్లిని, ఆయ్, ఆయనే అంది తల్లి, అప్పుడు నేను ఏడ్చాను, అంతమంది మధ్య, కూతురి ముందు, సిగ్గనిపించలేదు, దుర్గాభవాని నా భుజం మీద చెయ్యి వేసి నాకేసీ, ఆ పిల్లకేసీ, తాడిచెట్లకేసీ చూస్తోంది, దానికి అంతా అర్థమైనట్టే ఉంది, ఏమీ అడగలేదు, మంచిదైంది.

నేనేనమ్మా మీకు దణ్ణం పెట్టుకోవాల్సింది, ఆ పూట మీరు పిలవకపోతే రోడ్డు మీద పోయేవాణ్ణి అన్నాను, ఆవిడ అదేం లెక్కలోకి తీసుకోలేదు, నాదేముందండి, మా అత్తగారు చెప్పేది, నీళ్ళొస్తే రోడ్డు చూడకు మెరక చూడు, కొబ్బరి పట్టుకోకు తాడి పట్టుకో అని, ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పిందట, ఆ పై ఎవరు చెప్పేరో మరి అంది, మీ ఆయన అని అడిగాను, వారం తర్వాత నడుచుకుంటూ వచ్చేరండి, ఇప్పుడు సంతకెళ్ళేరు, వచ్చేస్తారు అంది, అప్పుడు ఒకరి పేరు ఒకరికి తెలియదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది, చిన్నమ్మలండి నా పేరు అంది, నా పేరు గణపతి, అమ్మా అన్నాను, గణపతిగారు అని ఒకసారి పైకి అనుకుని, తర్వాత కాస్త మొహమాటంగా, మీరేమీ అనుకోకపోతే ఒక మాటండీ, ఏటేటా పెద్దల అమావాస్యకి మా వాళ్ళతో పాటు మీకూ విస్తరి వేస్తున్నామండి, పేరు తెలియదు కదండి, చీరల అన్నగారు అని చెప్పుకుని అన్నం పెట్టి ధూపం వేస్తాం, పిల్లలు దణ్ణం పెట్టుకుంటారు, మొన్న భాద్రపదంలో కూడా వేసేం, బతికున్నవాళ్ళకి వెయ్యకూడదంటారు, మాకు తెలీదండి, దోషమేమోనండి అంది, అందరూ నా వైపు చూస్తున్నారు, నాకు నవ్వొచ్చింది, ముందు కొంచెం, తర్వాత ఆపుకోలేనంత, చిన్నమ్మలు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది, దోషం ఏముందమ్మా, అది తినే కదా ఇన్నాళ్ళూ ఇలా ఉన్నాను అన్నాను.

భోంచేసి వెళ్ళాలండి, ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి పెడతాను అని లోపలికి వెళ్ళింది, మాస్టారూ పిల్లలూ తాడిచెట్ల నీడలో తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పుకున్నారు, నాకూ దుర్గాభవానికీ అరుగు మీద విస్తళ్ళు వేసింది భూలక్ష్మి, చిన్నమ్మలు వేడన్నం పెట్టి చేపల పులుసు పోసింది, నీళ్ళు చిలకరించి కూర్చున్నాను, ఎదురుగా పల్లంలో ఆ కోసిన గోడ కనిపిస్తోంది, నల్లచార, తెల్లచార, ఒక్కో నల్లచార దగ్గర ఎవరో ఒకరు కూర్చుని ఇలాగే వేడిగా తిని ఉంటారు, వాళ్ళలో ఎవరో మొదటిసారి చూసి ఉంటారు, నీళ్ళు ఇంతవరకే వస్తాయి, ఈ చెట్టు ఆగుతుంది, ఆ చెట్టు ఆగదు అని, చూసి పక్కనున్న పిల్లలకి చెప్పి ఉంటారు, ఆ మాట ఎంతమంది అత్తల నోళ్ళో దాటి చిన్నమ్మలు దగ్గరికి వచ్చింది, అరుగు మీంచి నాకు వినిపించింది, ఆ మొదటి మనిషి పేరు మాస్టారికి తెలియదు, ఎవరికీ తెలియదు, మా తాతముత్తాతల పేర్లు మూడు చెప్పి నీళ్ళు వదిలి, పెద్దలంటే అంతే అనుకుంటూ వచ్చాను, ఇక్కడ ఈ ఇంట్లో పదేళ్ళుగా నన్ను పేరు లేకుండానే పెద్దల్లో కూర్చోబెట్టారు, చేతిలో ముద్ద అలాగే ఉంది, ఏమిటి నాన్నా అంది అమ్మాయి, ఏం లేదు, తింటున్నాను అన్నాను, మన ఇంటిపేరు వాళ్ళే మన పెద్దలు కాదు, మనం ఎవరమో తెలియకుండానే మనం బతకడానికి ఒక మాట చెప్పి వెళ్ళిపోయినవాళ్ళందరూ మన పెద్దలే.